ఉగాదికి తెచ్చిన షెపర్డ్స్ పై

మేం బ్రిస్బేన్‌లో దిగేనాటికే మా ఆయనకు ఉద్యోగం సిద్ధంగా ఉంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పుగా చదివి ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఎప్పటివో పాత ప్రోగ్రాములు తెరిచి, సంవత్సరానికి రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు చేయడం ఆయన పని. శనాదివారాలు కూడా ఆఫీసుకు వెళ్లేవాడు. తీరా ఆ జనవరి ఒకటో తారీకున ఎక్కడా ఏమీ ఆగలేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన కాంట్రాక్టు ముగిసింది.

మాకు పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది కాబట్టి తిరిగి వెళ్లిపోవలసిన పనిలేదు. కానీ ఇల్లు గడవాలి. ఆయన పొద్దుటినుంచీ కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగాలకు అప్లై చేస్తుంటే, నేను మా వీధి చివర ఉన్న వృద్ధుల హోమ్‌లో కిచెన్ హ్యాండ్‌గా చేరాను. కూరగాయలు తరగడం, ట్రేలు సర్దడం, గిన్నెలు కడగడం. నేను ఎమ్మెస్సీ చదివాను. మా నాన్న విజయవాడలో కాలేజీ లెక్చరరు. ఫోన్‌లో మా అమ్మ "ఏం ఉద్యోగమే?" అని అడిగితే "ఆఫీసులో" అన్నాను.

"ఎవరడిగినా అడ్మిన్ అని చెప్పు. ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు మా ఆయన.

ఆ మాట ఆయన అన్నాడు కదా అని తప్పంతా ఆయన మీదికి తోసేయలేను. నాకూ అదే కావాలి. బ్రిస్బేన్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లందరికీ నేను ఏజ్డ్ కేర్‌లో అడ్మిన్‌ని.

పనిలో చేరిన మూడో రోజు, అవెన్‌లోంచి ట్రే లాగుతుంటే దాని అంచు మణికట్టుకు తగిలి చురుక్కుమంది. "అమ్మా!" అని అరిచాను. హెడ్ కుక్ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది. అరవైకి దగ్గరపడిన, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి.

"ఓలమ్మా, సెయ్యి కాలిపోనాదా? నీళ్ల కింద ఎట్టు. అలాగే ఎట్టి ఉంచు."

మంట సంగతి మరిచిపోయి ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాను. ఆవిడ ఫిజీ నుంచి వచ్చిందని చెప్పారు గానీ తెలుగు వచ్చని ఎవరూ చెప్పలేదు.

ఆమె తాతనూ నానమ్మనూ విశాఖ వైపు నుంచి ఓడలో చెరకు తోటల పనికి తీసుకెళ్లారట. ఎనభై ఏడులో ఫిజీలో ప్రభుత్వాన్ని కూలదోసిన గొడవల తర్వాత ఆవిడ, భర్త, పిల్లలు ఆస్ట్రేలియా వచ్చేశారు. భర్త పోయి రెండేళ్లయింది. కూతురింట్లో ఉంటోంది. పిల్లలకు తెలుగు రాదు. ఇంట్లో ఫిజీ హిందీ, ఇంగ్లీషు.

"మాయమ్మ పోయినాక ఈ మాటలు నా నోట్లోనే ఉండిపోనాయమ్మా. ఎవులితో మాటాడాల? నువ్వొచ్చినావు, బాగుంది," అంది.

అప్పటినుంచీ మా ఇద్దరి మధ్యా తెలుగే. నేను ఆంటీ అనేదాన్ని. ఆవిడ నన్ను "మా అమ్మాయి" అనేది. పొద్దున రాగానే "కూడు తిన్నావా?" అని అడిగేది. మా ఇంట్లో కోపం వస్తే తప్ప ఎవరూ ఆ మాట అనరు. మొదట్లో చివుక్కుమనేది. నాలుగు రోజులకు అలవాటైపోయింది. ఒకరోజు ఆమె సెలవు పెడితే, ఎవరూ ఆ మాట అడగనందుకు వెలితిగా అనిపించింది కూడా.

బుధవారం మధ్యాహ్నం హోమ్‌లో షెపర్డ్స్ పై. కింద ఖైమా, పైన మెత్తటి బంగాళాదుంప ముద్ద, అవెన్‌లో ఎర్రగా కాల్చిన వంటకం. పళ్లు లేనివాళ్లు కూడా నమలక్కర్లేకుండా తినేయొచ్చు. మిగతా రోజుల్లో సగం ప్లేట్లు అలాగే తిరిగొచ్చేవి. బుధవారం మాత్రం ఖాళీగా వచ్చేవి. కానీ హోమ్‌లో వాడేది బీఫ్. ఆంటీ వండేది గానీ నోట పెట్టేది కాదు. ఉప్పు చూడ్డానికి ఇంకొకరిని పిలిచేది.

"బోర్డు మీద షెపర్డ్స్ పై అని రాత్తారు. ఇది కాదమ్మా అది. దీన్ని కాటేజ్ పై అనాల. షెపర్డ్ అంటే ఏటి? గొర్రెలు కాసేవోడు. గొర్రె మాంసం ఏసి సేత్తేనే ఆ పేరు," అనేది.

మా పాపకు అప్పుడు ఆరేళ్లు. బడికి పెట్టిచ్చిన ఇడ్లీ, పులిహోర డబ్బాలు తెరవకుండా తిరిగి తెచ్చేది. స్నేహితురాలి ఇంట్లో ఒకసారి ఈ పై తిని వచ్చి, అప్పటినుంచీ "Mum, can you make it?" అని ఒకటే గోల. అది చెబితే ఆంటీ ముఖం వెలిగిపోయింది.

"శనివారం మీ ఇంటికి నానొత్తాను. నీ సేత సేయిత్తాను."

వచ్చింది. ముందురోజు వాళ్లింట్లో కాల్చిన గొర్రె కాలి మాంసం మిగిలినదంతా డబ్బాలో పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. మా అద్దె ఫ్లాట్‌లో అవెన్ ఉన్నమాటే గానీ దాన్ని మేం గూడులా వాడేవాళ్లం. ఇడ్లీ కుక్కరు, పెనాలు, ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నె అన్నీ అందులోనే. ఆంటీ తలుపు తీసి చూసి నవ్వింది. అన్నీ బయటికి తీసి, కింద చతికిలబడి, అవెన్‌ను తనే తోమింది. వద్దంటున్నా వినలేదు.

మాంసం మిషన్‌లో వేయనివ్వలేదు. కత్తితో సన్నగా తరిగించింది. ఉల్లిపాయలు, క్యారెట్, సెలరీ కందిగింజంత ముక్కలు చేయమంది. నేను అలవాటుగా స్టవ్ మంట పెంచితే చెయ్యి పట్టుకుని తగ్గించింది.

"మన కూర కాదు ఇది, తొందర పెట్టకు. ఉల్లిపాయ ఎర్రబడకూడదు. మెత్తబడాల, అంతే."

తర్వాత మాంసం, చెంచాడు మైదా, కాస్త టమాటా పేస్టు, నాలుగు చుక్కల వూస్టర్ సాస్, ఎముకలు కాచిన నీళ్లు, ఎండిన థైమ్ ఆకు. మసాలా డబ్బా వైపు నా చెయ్యి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ ఆంటీ కళ్లతోనే ఆపేసింది. చిక్కబడ్డాక దాన్ని ట్రేలో పోసి చల్లారనిమ్మంది. వేడి మీదే దుంప ముద్ద వేస్తే అడుక్కి దిగిపోతుందట. ఉడికిన దుంపల నీళ్లు వంపేసి, దుంపలతోనే గిన్నెను మళ్లీ స్టవ్ మీద పెట్టి ఆవిరంతా పోయేదాకా కదిపించింది. తడి ఉంటే పైన పెచ్చు కట్టదు. వెన్న, వేడి పాలు, ఒక గుడ్డు పచ్చసొన కలిపి మెదిపాం. ఆ ముద్దను ముందు అంచుల వెంట సర్ది, తర్వాత నడిమికి రావాలి. లేకపోతే లోపలి రసం పక్కల నుంచి పొంగి అవెన్ అంతా పాడవుతుంది. ఆఖర్న ఫోర్కుతో పైన గీతలు గీసే పని పాపకు ఇచ్చింది. అది నాలుక బయటపెట్టి మరీ గీసింది.

అవెన్ తలుపు అద్దం ముందు ముగ్గురం నేలమీద కూర్చున్నాం. గీతల కొసలు మెల్లగా ఎర్రబడ్డాయి. అంచున రసం బుడబుడమంది.

ఆ రోజు పాప రెండుసార్లు పెట్టించుకుంది. మా ఆయన కూడా తిన్నాడు. కాస్త ఆవకాయ నంచుకుని, "బాగుందండీ ఆంటీ, కానీ కారం లేదు," అన్నాడు. ఆవిడ తనూ ఆవకాయ అడిగి వేసుకుని, "మాయమ్మ పెట్టినట్టే ఉంది," అంటూ వేలు నాకింది. వెళ్తూ వెళ్తూ పాప తల నిమిరి, నా వైపు తిరిగి అడిగింది.

"మీ తెలుగోళ్లందరూ ఎక్కడో కలుత్తారట కదా, ఉగాదికి? నన్నూ తీసికెల్తావా? నానెప్పుడూ సూడలేదు అంతమంది తెలుగోళ్లని ఒక్క కాడ."

"తప్పకుండా ఆంటీ. ఇంకా టైముందిగా, చూద్దాం," అన్నాను.

తలుపు మూశాక మా ఆయన ఆవిడ గొంతు అనుకరిస్తూ, "ఏటి, ఎల్తావా, ఓలమ్మా," అని నవ్వాడు. ఎగతాళి చేయాలని కాదు, సరదాకే. నేనూ నవ్వాను.

ఉగాది దగ్గరపడింది. ఆంటీ రెండుసార్లు తారీకు అడిగింది. ఇంకా తెలియదన్నాను. నాకు తెలుసు. పులిహోర చేస్తానని నా పేరు కూడా రాయించాను. ఆవిడ వస్తే ఎక్కడ పనిచేస్తానో బయటపడుతుంది. అదొక్కటే కాదు. ఆ భాష విని జనం నవ్వుతారు, నవ్వేవాళ్ల మధ్య ఆవిడ మనిషిగా నేను నిలబడాలి. అది నాకు ఇష్టం లేదు.

సన్నీబ్యాంక్ అనే పేటలో ఒక బడి హాల్లో, శనివారం పెట్టారు ఫంక్షను. పట్టుచీరలు, పిల్లల డాన్సులు, పంచాంగ శ్రవణం. నేను ఉగాది పచ్చడి గిన్నె దగ్గర నిలబడి చిన్న కప్పుల్లో పోస్తున్నాను. హాలు అవతలి పక్కన మా ఆయన, తన రెజ్యూమె వాళ్ల కంపెనీలో ఇస్తానన్న ఒకాయనతో మాట్లాడుతున్నాడు. అప్పుడు ఆంటీ గుమ్మంలోకి వచ్చింది.

నైలాన్ చీర కట్టుకుంది. తలలో పూలు. రెండు చేతుల్లో తువ్వాలు చుట్టిన పెద్ద ట్రే. ఇండియన్ కిరాణా కొట్లో అంటించిన కాగితం చూసి, బస్సెక్కి వచ్చిందట. ఆ కాగితం మీద అందరూ ఏదో ఒకటి వండి తెమ్మని ఇంగ్లీషులో ఉంది. శాకాహారమే తేవాలని రాయలేదు. రాయకపోయినా మాకందరికీ తెలిసిన సంగతి అది.

గుమ్మం దగ్గర బల్ల వేసుకుని సెక్రటరీగారి భార్య పేర్లు రాసుకుంటోంది.

"ఇదేంటండీ?"

"పై అమ్మా. షెపర్డ్స్ పై. పొద్దున్నే లేసి సేసినాను."

"మీట్ ఉందా ఇందులో?"

"ఉంది. గొర్రె."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. సెక్రటరీగారి భార్య మంచిదే, నవ్వలేదు. కానీ ట్రేను ముట్టుకోకుండా కాస్త వెనక్కి జరిగి, "అయ్యో, పండగ కదండీ, ఇవాళ నాన్‌వెజ్ లోపలికి తేకూడదు. మీరు ఎవరి తాలూకు?" అని అడిగింది.

ఆంటీ హాలంతా వెతికి నన్ను పట్టుకుంది. రెండు చేతులూ ఖాళీ లేక గడ్డంతోనే చూపించింది.

"అదిగో, మా అమ్మాయి. మేమిద్దరం ఒక్క కాడే పని సేత్తాం."

అందరూ నా వైపు తిరిగారు. "మీకు తెలుసా ఈవిడ? మీ ఆఫీసేనా?" అని సెక్రటరీగారి భార్య కేకేసింది.

నాలుగడుగుల్లో అక్కడికి వెళ్లి ఆ ట్రే అందుకోవచ్చు. ఆ నాలుగడుగులూ నేను వేయలేదు. గరిటె పట్టుకుని ఉన్నచోటి నుంచే అన్నాను.

"మా హోమ్‌లో కిచెన్ స్టాఫ్ అండీ. అప్పుడప్పుడు కనిపిస్తుంటారు."

ఆంటీ నన్ను చూసింది. ఎంతసేపో కాదు. తర్వాత సెక్రటరీగారి భార్య వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పింది.

"అవునమ్మా. ఆ అమ్మగారు ఆఫీసులో ఉంటారు. నాను వంటింట్లో."

అప్పటిదాకా నన్ను నువ్వు తప్ప మీరు అని ఎరగదు. నా అబద్ధం ఏమిటో ఆ ఒక్క క్షణంలో గ్రహించి, అది నిలబడేలా తన మాట కూడా జోడించింది.

ట్రే కారులో పెట్టి వచ్చి భోంచేయమన్నారు. కారు లేదంది. పోనీ బయట గట్టు మీద పెట్టి రమ్మన్నారు. "బస్సు టైమైపోతాది," అని వెనక్కి తిరిగింది. మా పాప ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చింది.

"Aunty! You made pie! Mum, why is aunty going?"

"She has work," అన్నాను. ఆ రోజుకు అది రెండో అబద్ధం. అప్పుడైనా వెనకే పరుగెత్తి ఉండొచ్చు. బస్‌స్టాప్ హాలు గేటు ఎదురుగానే ఉంది. పచ్చడి కోసం కప్పులు చాచి ఎవరెవరో నిలబడ్డారు. పోస్తూ ఉండిపోయాను. కిటికీలోంచి చూస్తే ఆవిడ బెంచీ మీద, ట్రే ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మళ్లీ చూసేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

ఆదివారమంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. సోమవారం పొద్దున కిచెన్‌లోకి వెళ్లగానే ఆవిడే ముందు పలకరించింది.

"Morning, love. Carrots first, please."

ముఖంలో కోపం లేదు. కానీ ఇంగ్లీషులో పలకరించింది. నేను తెలుగులో ఏదో అడిగాను. ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత నేను అక్కడ పనిచేసిన అయిదు నెలల్లో ఆవిడ నోటి వెంట ఒక్క తెలుగు మాట రాలేదు. నాకు వేడి ట్రేలు తగలకుండా ఎప్పటిలాగే చూసుకుంది. షిఫ్టుకు నేను ఆలస్యంగా వస్తే సూపర్‌వైజరుకు తెలియకుండా సర్దింది. మంచితనంలో ఏ లోటూ చేయలేదు. మాట మాత్రం వెనక్కి తీసేసుకుంది.

మా ఆయనకు మెల్బోర్న్‌లో ఉద్యోగం దొరికింది. హాల్లో మాట్లాడిన ఆయన వల్ల కాదు, వేరే దారిన. హోమ్‌లో నా ఆఖరి రోజున కోల్డ్ రూమ్‌లోకి ఆవిడ వెనకే వెళ్లాను.

"ఆంటీ, ఆ రోజు హాల్లో నేను..."

ఆవిడ పాల డబ్బాలు లెక్క చూసుకుంటోంది. "All good, love. Mind the step," అంది. గడప దగ్గర నీళ్లు ఒలికి ఉన్నాయి. నేను చూసుకుని దాటాను. మళ్లీ అడగడానికి ధైర్యం చాలలేదు.

మెల్బోర్న్‌లో కొన్నేళ్లు అద్దె ఇళ్లలో తిరిగి పాయింట్ కుక్‌లో ఇల్లు కట్టుకున్నాం. నేను కూడా ఒక కోర్సు చేసి, నిజంగానే ఆఫీసు ఉద్యోగంలో చేరాను. ఒక ఎండాకాలం పార్కులో బార్బెక్యూ దగ్గర, మా తెలుగు ఆడవాళ్లం వచ్చిన కొత్తలో ఏమేం పనులు చేశామో చెప్పుకున్నాం. ఒకామె కోళ్ల ఫ్యాక్టరీలో చేసిందట. ఒకామె రెండేళ్లు హోటల్ గదులు ఊడ్చిందట. ఇంటికి మాత్రం రిసెప్షనిస్టునని రాసేదట. నా వంతు వచ్చింది. కిచెన్ హ్యాండ్ అన్నాను, మొదటిసారి. "అవునా, నేనైతే టాయిలెట్లు కూడా కడిగాను," అని ఇంకొకామె అందుకుంది. అందరూ నవ్వారు. సలాడ్ గిన్నె నా చేతికిచ్చారు. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నదానికా అంత పని చేశాను?

ఆ మరుసటి ఏడు ఒక పెళ్లికి బ్రిస్బేన్ వెళ్లాం. సన్నీబ్యాంక్‌లో షాపింగ్ చేసుకుని బయటికి వస్తుంటే బస్‌స్టాప్‌లో ఆంటీ కనిపించింది. బాగా చిక్కిపోయింది. పక్కన పన్నెండేళ్ల మనవరాలు. నేను దగ్గరికి వెళ్లి "ఆంటీ, బాగున్నారా?" అన్నాను. గుర్తుపట్టింది. చెయ్యి పట్టుకుంది. పాప ఎలా ఉందని ఇంగ్లీషులోనే అడిగింది. తర్వాత మనవరాలికి పరిచయం చేసింది.

"This lady used to be in the office, where I was cooking."

అన్నేళ్లయినా నా అబద్ధాన్ని ఆవిడే కాపాడుతోంది. నేను గబగబా ఆ పిల్ల వైపు తిరిగాను.

"No, no. I was in the kitchen. I washed the pots. Your grandmother taught me everything. ఆంటీ, నేనూ వంటింట్లోనే కదా ఉన్నాను. ఆ రోజు అబద్ధం చెప్పాను. తప్పు చేశాను."

ఆ పిల్లకు సగమే అర్థమైంది. మొహమాటంగా నవ్వింది. ఆంటీ నా ముఖంలోకి చూస్తూ ఉంది. పెదవులు కదిలాయి. ఏదో అనబోతోంది, తెలుగులోనే అనబోతోందని ఈనాటికీ నా నమ్మకం. అంతలో బస్సు వచ్చి ఆగింది. మనవరాలు చెయ్యి పట్టి లేపింది. ఆవిడ నా భుజం మీద రెండుసార్లు తట్టి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఫోన్ నంబరు అడగాలన్న ఆలోచన బస్సు మలుపు తిరిగాక వచ్చింది. మర్నాడు హోమ్‌కు వెళ్లాను. యాజమాన్యం మారింది. కిచెన్‌లో అందరూ కొత్తవాళ్లు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి సాయం చేయాలనే చూసింది. "ఆవిడ పూర్తి పేరు చెప్పండి, పాత రికార్డుల్లో వెతుకుతాను," అంది.

బ్యాడ్జి మీద ఉండే పొట్టి పేరు చెప్పాను. ఇంటిపేరు లేకుండా కుదరదంది. నేను మాత్రం ఎప్పుడూ ఆంటీ అనే పిలిచాను. ఏడాదికి పైగా పక్కపక్కన నిలబడి కూరగాయలు తరిగాం. ఆవిడ ఇంటిపేరేమిటో నేను ఒక్కసారి కూడా అడగలేదు.